చీపురు తగలని ఇసుక

ఇన్‌స్పెక్షన్ అన్న మాట చెవిన పడితే చాలు, బుచ్చన్న చేయి దానంతటదే చీపురు కోసం వెతుకుతుంది. గల్ఫ్ సైట్లు అతనికి నేర్పిన మొదటి పాఠం అదే. కట్టిన పిల్లరు కాస్త వంకరగా ఉన్నా ఎవడూ అడగడు. దాని కింద చువ్వలు కట్టే బైండింగ్ వైరు ముక్క పడి ఉంటే మాత్రం తెల్ల హెల్మెట్ పెట్టుకున్న ప్రతివాడూ అరుస్తాడు. పనితనం చూడటానికి చదువు కావాలి, చెత్త చూడటానికి కళ్ళు చాలు. చదువుకున్నవాళ్ళు కూడా ఎప్పుడూ చెత్తనే చూస్తారెందుకో బుచ్చన్నకు ఇప్పటికీ అర్థం కాలేదు.

కాబట్టి ఆ ఫిబ్రవరి ఉదయం క్యాంపు సూపర్‌వైజర్ రాజేందర్ ఫోన్ చేసి, "బుచ్చన్నా, మేడంతోని ఎవలో పెద్దోళ్ళు వస్తున్నరు. ముందుగాల నీ పాయింటే సూస్తరట. హౌస్‌కీపింగ్ మంచిగ జెయ్యి, నా ఇజ్జత్ తియ్యకు" అనగానే, బుచ్చన్న తలకు తువ్వాలు బిగించి పనిలోకి దిగాడు.

పాయింట్ అంటే పెద్ద కట్టడమేమీ కాదు. దోహాకు దక్షిణాన తారు రోడ్డు వదిలి, పికప్ బండిలో నడుములు విరిగేదాకా పోతే, రెండు ఇసుక దిబ్బల నడుమ ఒక పల్లం. నాలుగు ముళ్ళ పొదలు. నేలలో పాతిన ఒక ఇనుప కడ్డీ, దానికి మోకాలెత్తున కట్టిన చిన్న కెమెరా. వేడి నెత్తురున్న ప్రాణి ఏది ఎదురుగా కదిలినా ఆ కెమెరా దానంతటదే ఫోటో తీస్తుంది. కెమెరా ముందు మంచమంత మేర ఇసుకను చీపురుతో నున్నగా చేసి ఉంచాలి. వచ్చిన జంతువు అడుగులు అందులో అచ్చు పడతాయి. ఆ మంచమంత ఇసుకను బుచ్చన్న ఎంత నున్నగా చేస్తాడంటే, దాని మీద చీమ నడిచినా దారి కనబడుతుంది.

ఈ పనిలోకి అతను కోరి వచ్చింది కాదు. యూనివర్సిటీవాళ్ళు ఎడారి జంతువుల సర్వేకు మనుషులు కావాలంటే, కంపెనీ తనకు అంతగా అక్కర లేనివాళ్ళను ఏరి పంపింది. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి, వయసంతా ఇనుప చువ్వలు కట్టి కట్టి మోకాళ్ళు అరిగిన బుచ్చన్న వాళ్ళలో ఒకడు. 'చెయ్యి సాగినన్ని దినాలు మా బుచ్చన్న అన్నరు, ఇప్పుడు పిల్లుల ఎంబడి తోలిన్రు' అని మొదటి వారమంతా లోలోపల తిట్టుకున్నాడు.

సర్వే చూసే డాక్టర్ మనీషా కాకినాడ మనిషి. అమెరికా కొండల్లో కొండసింహాల వెంట తిరిగి, ఆ చదువుతో ఇక్కడికి వచ్చి, ఇసుక పిల్లి అనే చిన్న జంతువు కోసం వెతుకుతోంది. ఆమె మొదటిరోజే కెమెరా బుచ్చన్న చేతిలో పెట్టి, "ఈ పాయింట్ మీదండీ, బుచ్చన్న గారూ. ఇక్కడ ఏం జరిగినా నేను మిమ్మల్నే అడుగుతాను" అంది.

గారూ! ఓట్లప్పుడు తప్ప ఎవరూ అతన్ని అట్లా పిలిచింది లేదు. అయిదో తరగతి నడుమ బడి మానిపించి బీడీల తునికాకు కోతకు తోలినప్పటి నుంచీ 'నీకు తెల్వదులే' అన్న మాటే అతని ఇంటిపేరైపోయింది. మేస్త్రీ అన్నాడు, ఫోర్‌మన్ అన్నాడు, ఊరికి పోతే తమ్ముడూ అన్నాడు. ఈమె మాత్రం 'తెలుసుకోండి' అని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. నక్క అడుగులో గోళ్ళు పడతాయి, పిల్లి అడుగులో పడవు, ఎందుకంటే పిల్లి నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది. ఇసుక పిల్లి పాదాల కింద దట్టంగా బొచ్చు ఉంటుంది, కాలే ఇసుక మీద అదే దానికి చెప్పు. అందుకే దాని అడుగు తేటగా పడదు, ఎవరో కుంచెతో ముట్టించి తీసినట్టు పడుతుంది. అది నీళ్ళు తాగాల్సిన పని లేదు, తిన్న ఎలుకలోని తడే దానికి చాలు.

బుచ్చన్న ఇదంతా మెదడులో ఇనుప చువ్వల్లా వరసగా కట్టుకున్నాడు. శుక్రవారం దోహాలో ఉమ్ ఘువైలినాలో ఉండే మేనల్లుడు తిరుమల్ గదికి పోతే, అన్నం తింటున్నవాళ్ళను ఆపి మరీ గోళ్ళ సంగతి చెప్పేవాడు. "మామా, ఇరవై ఏండ్లకు డాక్టర్‌వి అయినవ్. పిల్లుల డాక్టర్‌వి" అని తిరుమల్ నవ్వేవాడు. ఊరి నుంచి భార్య గంగామణి అయితే ఫోన్ ఎత్తగానే, "దుబాయ్‌ల మన్షులకే పని లేదంటున్నరు, నువ్వేమో పిల్లులను ఎంకులాడుతున్నవ్. దొరికిందా మరి?" అనేది. ఇది దుబాయ్ కాదు కతర్ అని చెప్పడం అతను ఎప్పుడో మానేశాడు. దొరకలేదు అని చెప్పడమే కష్టంగా ఉండేది.

నిజంగానే దొరకలేదు. చలికాలమంతా కెమెరాల్లో నక్కలు పడ్డాయి, ఒంటెలు పడ్డాయి, ఎక్కడి నుంచో తప్పిపోయి వచ్చిన ఊరపిల్లులు పడ్డాయి. ఇసుక పిల్లి జాడ లేదు. ఈ వచ్చే పెద్దమనుషులు చూసి, ఏమీ లేదనుకుంటే ఈ పల్లం వదిలేసి కెమెరాలు ఉత్తరాన అల్ రువైస్ వైపు మారుస్తారట. అక్కడికి కొందరు చాలు. మిగిలినవాళ్ళు తిరిగి సైటుకు. ఆ మిగిలినవాళ్ళలో తన పేరు ఉంటుందని బుచ్చన్నకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పేర్లు తీసే కాలం వస్తే తన పేరు ఎటు పడుతుందో అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు.

అందుకే ఆ ఉదయం ఒళ్ళు దాచుకోకుండా ఊడ్చాడు. కెమెరా ముందర మంచమంత చోటు అయిపోయింది. అక్కడితో ఆగబుద్ధి కాలేదు. పొదల కింద గాలికి కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ కవర్లు ఏరాడు. కెమెరా వెనక, దాని చూపు పడని వైపు, ఒక పొద మొదట్లో ఇసుక కుప్ప కనబడింది. పిల్లలు ఆడి వదిలేసినట్టు చుట్టూ గీతలు, మధ్యలో గుట్ట. గుట్టలో నుంచి సగం పెరిగిన ఎడారి కుందేలు కాలు ఒకటి బయటికి పొడుచుకుని ఉంది. ఈగలు.

"థూ! ఇదొక్కటి తక్కువయింది" అని బుచ్చన్న ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. కుందేలును ఆ కాలు పట్టి ఎత్తి నల్ల బస్తాలో వేశాడు. అక్కడక్కడా ఉన్న ఎండు పెంటికలూ వేశాడు. జేబులో ఎప్పుడూ ఉండే బైండింగ్ వైరుతో బస్తా మూతి బిగించి, కుప్పను నేలమట్టం చేసి, పల్లమంతా ఈ చివరి నుంచి ఆ చివరికి చీపురు పెట్టాడు.

నీళ్ళ క్యాన్‌లతో పికప్ తెచ్చిన చిన్నప్ప దిగి నోరు తెరిచాడు. చిన్నప్పది రాయచోటి పక్క. ఏళ్ళ తరబడి దోహాలోని అల్ సద్‌లో ఒక ఇంట్లో డ్రైవరుగా చేసి ఈ సర్వే బండికి వచ్చాడు.

"ఏందన్నా ఇది? పిల్లి వస్తాదా, పెండ్లికూతురు వస్తాదా?"

"నకరాలు జెయ్యకు. గా బస్తా తీస్కపోయి క్యాంపు డబ్బాల వెయ్యి."

"కంపు కొడ్తాండాది. ఏముండాది ఇందులో?"

"సచ్చిన కుందేలు. ఇన్‌స్పెక్షన్ ముందట పీనుగును పెట్టుకుంటమా?"

చిన్నప్ప బస్తాను బండి వెనక పడేసి పోయాడు.

పెద్దమనుషులు వచ్చారు. నల్ల కళ్ళద్దాల్లోంచి పల్లాన్ని ఒకసారి చూశారు. ఒకాయన "వెరీ క్లీన్" అన్నాడు. ఆ మాటకు బుచ్చన్న ఛాతీ ఉబ్బింది. ఇంకొకాయన మనీషాతో ఇంగ్లీషులో ఏదో అన్నాడు, ఆమె ముఖం చిన్నబోయింది. బండ్లు దుమ్ము లేపుకుంటూ పోయాయి. మనీషా మాత్రం ఉండిపోయింది. పల్లంలో నాలుగడుగులు వేసి, "ఇంత చదునుగా ఉందేంటి? రాత్రి గాలి బాగా కొట్టిందా, బుచ్చన్న గారూ?" అంది.

"గాలి కాదు మేడం, నేనే" అన్నాడు బుచ్చన్న నవ్వుతూ. ఆమె ఏదో ఆలోచనలో ఉండి సరిగా వినలేదు.

చిన్నప్ప తిరిగి వచ్చాక బండి నీడన టార్పాలిన్ పరిచి ముగ్గురూ అన్నాలకు కూర్చున్నారు. తినడం కాగానే మనీషా ల్యాప్‌టాప్ తెరిచింది.

"వాళ్ళు ఈ పల్లంలో ఏమీ లేదంటున్నారు. నేను ఇంకో నాలుగు రోజులు అడిగి తీసుకున్నాను. ఇంతవరకూ మనం అడుగులూ, పెంటికలూ చూశాం కదా. ఇంకో పద్ధతి ఉంది. నేను కొండల్లో నేర్చుకున్నది. ఇది చూడండి."

తెర మీద మంచు కొండ. ఒక పెద్ద మట్టిరంగు జంతువు, జూలు లేదు, పొడుగాటి తోక. తన కంటే బరువైన జింకను మెడ పట్టి ఈడ్చుకుంటూ చెట్టు కిందికి తెస్తోంది.

"యబ్బా! ఆడ సింహమా?" అన్నాడు చిన్నప్ప.

"కొండసింహం అంటారు. కానీ ఇది సింహంలా గర్జించలేదు. మన వంటింటి పిల్లిలాగే గురగురలాడుతుంది."

"అంత దేహం పెట్టుకోని గురగురనా? మా క్యాంప్ బాస్ మాదిరి కాదన్నమాట. ఆయప్పకు దేహం లేదు, గర్జన ఉండాది."

మనీషా నవ్వి మళ్ళీ తెర వైపు చూపించింది. "దాని మెడకు పట్టీ కడతాం. ఎక్కడ తిరుగుతోందో ఆ పట్టీ చెబుతూ ఉంటుంది. ఒకే చోట చాలాసేపు ఆగిందంటే అక్కడ వేట పడినట్టు. అది అక్కడి నుంచి వెళ్ళాక మేం వెళ్తాం. అంతేకానీ దాని వెంటపడి పోవడం ఉండదు. ఇప్పుడు చూడండి, ఏం చేస్తుందో."

జంతువు తిన్నంత తిని, లేచి, జింక చుట్టూ తిరగసాగింది. ముందు కాలితో ఆకులూ, మట్టీ, మంచూ ఇటు నుంచి ఒకసారి, అటు నుంచి ఒకసారి గీకి జింక మీదికి లాగుతోంది. చుట్టూ గీతలు. మధ్యలో గుట్ట. గుట్టలో నుంచి జింక కాలు ఒకటి బయటికి పొడుచుకుని ఉంది.

బుచ్చన్న చేతిలోని టీ గ్లాసు నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

"ఒక్క పూటలో తినలేదు కాబట్టి కప్పిపెట్టుకుంటుంది. మళ్ళీ వస్తుంది. అందుకే మేం అక్కడ సింహం కోసం వెతకం, అది కప్పిన వేట కోసం వెతుకుతాం" అంటోంది మనీషా. "ఇక్కడి ఇసుక పిల్లికీ ఇదే అలవాటు. బారెడు ఉన్నా ఒకటే, బెత్తెడు ఉన్నా ఒకటే, పిల్లి పిల్లే. ఈ పల్లంలో ఎక్కడో ఒక కుప్ప ఉండాలి. రేపటి నుంచి అది వెతుకుదాం."

చిన్నప్ప మెల్లగా బుచ్చన్న వైపు తిరిగాడు.

బుచ్చన్న గ్లాసు కింద పెట్టాడు. ఎవరికీ తెలియదు. చిన్నప్ప నోరు మూసుకుంటాడు, వాడు స్నేహితుడు. నాలుగు రోజులు అందరూ కలిసి వెతుకుతారు, ఏమీ దొరకదు, కెమెరాలు ఉత్తరానికి పోతాయి, తను సైటుకు పోతాడు. చెబితేనో? ఇప్పుడే పోతాడు. ఎటు చూసినా పోవడమే. అయితే చెప్పకుండా పోతే, పల్లంలో పిల్లి లేదన్న మాట నిలిచిపోతుంది. ఉన్నదాన్ని లేదనిపించడం తన మీద జరుగుతూ వచ్చిన పనే. అది తన చేత్తో ఇంకో ప్రాణికి చేయబుద్ధి కాలేదు. పైగా ఆమె ఏమంది? ఇక్కడ ఏం జరిగినా మిమ్మల్నే అడుగుతాను అంది. ఆమె అడగకముందే చెప్పాలి, లేకపోతే ఆ గారుకు అర్థమేముంది?

"మేడం" అన్నాడు. "కుప్ప ఉండె. పొద్దుగాల నేనే ఊడ్సిన."

మనీషా అర్థం కానట్టు చూసింది.

"గీ కెమెరా ఎనుక. గదే తీరు గీతలు, గదే తీరు గుట్ట. లోపట కుందేలు. ఇన్‌స్పెక్షన్ అన్నరని బస్తాల ఏసి డబ్బాకు పంపిన. పెంటికలు సుత ఏసిన. నాకు తెల్వక జేసిన. తెల్సినంక చెప్తున్న."

ఆమె ముఖం ఎర్రబడింది. లేచి పొద దాకా పోయి, నున్నటి ఇసుకను చూస్తూ నిలబడింది. అరిస్తే బాగుండుననిపించింది బుచ్చన్నకు. అరుపులు అతనికి అలవాటే, ఈ మౌనమే అలవాటు లేదు. కాసేపటికి ఆమె తిరిగి చూడకుండానే అంది, "చెత్త డబ్బా ఎప్పుడు ఖాళీ చేస్తారు?"

చిన్నప్ప అప్పటికే లేచి తాళాలు తీశాడు. "మద్దేన్నం నమాజు కాంగానే బండి వస్తాది మేడం. యల్లా యల్లా, ఎక్కండి!"

ఆ రోజు చిన్నప్ప బండి నడిపిన తీరు చూస్తే అల్ సద్‌లోని ఆ ఇంటివాళ్ళు అతన్ని ఇన్నేళ్ళు ఎట్లా ఉంచుకున్నారో అనుమానం వస్తుంది. క్యాంపు గేటు దగ్గరికి వచ్చేసరికి చెత్త లారీ ఎదురుగా రోడ్డు మలుపు తిరుగుతోంది. డబ్బా మనిషెత్తున, నిండుగా, మూతకు పైదాకా నల్ల బస్తాలతో ఉంది. అన్నీ ఒకే రంగు, ఒకే సైజు.

బుచ్చన్న చెప్పులు విడిచి డబ్బాలోకి ఎక్కాడు.

నైట్ డ్యూటీ చేసి లేచినవాళ్ళు పళ్ళు తోముకుంటూ వచ్చి నిలబడ్డారు. రాజేందర్ ఇస్త్రీ షర్టుతో ఆఫీసులోంచి పరుగెత్తుకొచ్చాడు.

"ఏందే బుచ్చన్నా, ఏం పోగొట్టుకున్నవ్? బంగారమా?"

"కుందేలు!" అన్నాడు లోపలి నుంచి.

జనం గొల్లున నవ్వారు. "కుందేలు కూర తినాల్నంటే చెప్పకపోతివే కాక, సూపర్ మార్కెట్ల కోడి తెస్తుంటిమి!" అని ఒకడు. "పిల్లి దొరకలే గని దాని బువ్వ కోసం ఎంకులాట!" అని ఇంకొకడు. రాజేందర్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "దిగు. మేడం ముందట నా పరువు తీస్తున్నవ్. నేను మంచిగ ఊడ్వుమన్న గని..."

"నువ్వు ఊడ్వుమన్నవ్, నేను ఊడ్సిన. ఇగ ఇప్పుడు నువ్వు జెర అటు జరుగు, గా లారీని ఆపు."

రాజేందర్‌కు బుచ్చన్న నోట అట్లాంటి మాట వినడం అదే మొదలు. తిట్టడానికి నోరు తెరిచాడు గానీ, డబ్బాలో నిలబడి, మోచేతుల దాకా సాంబారు అంటుకుని ఉన్న మనిషి ముఖం చూసి, ఎందుకో పోయి లారీకి అడ్డంగా చేయెత్తాడు.

బుచ్చన్న బస్తాలు విప్పడం లేదు. మూతులు మాత్రం చూస్తున్నాడు. వంటవాళ్ళు బస్తాను మెలితిప్పి ముడి వేస్తారు. ఆఫీసువాళ్ళు టేపు వేస్తారు. చువ్వలు కట్టే స్టీల్ ఫిక్సర్ బైండింగ్ వైరు రెండు పేటలు చుట్టి మెలి వేస్తాడు. అందులోనూ బుచ్చన్నది ఎడమచేతి వాటం, అతని మెలి అందరికీ ఎదురు తిరుగుతుంది. దోహాలో అతను కట్టిన ఏ కప్పు పగలగొట్టి చూసినా చువ్వల మీద ఆ ఎదురు మెలే ఉంటుంది. పేరు లేదు, సంతకం లేదు, కాంక్రీటు కింద పూడిపోయిన మెలి.

అది చేతికి తగిలింది.

"ఇదే! మేడం, ఇదే! మెలి జూడున్రి!"

మనీషా బస్తా అందుకుని వైరును పరీక్షగా చూసింది. కుప్ప సంగతి విన్నప్పటి నుంచి మొదటిసారి ఆమె పెదవి నవ్వుకు కదిలింది. "మీ జాడ మీరే పట్టుకున్నారన్నమాట. ఇదే పద్ధతండీ. జంతువుకైనా, మనిషికైనా" అంది.

బండి వెనక తలుపు దించి, దాని మీద తెల్ల గుడ్డ పరిచి ఆమె కుందేలును పడుకోబెట్టింది. ముఖానికి గుడ్డ కట్టుకుంది. నవ్వినవాళ్ళందరూ ఇప్పుడు మెడలు చాచి చూస్తున్నారు. మెడ వెనక బొచ్చు తప్పించి రెండు చిన్న రంధ్రాలు చూపించింది. వాటి నడుమ దూరం కొలిచి ఫోటో తీసింది. తర్వాత చిన్న కత్తితో ఆ చోట చర్మాన్ని మడిచి ఎత్తింది. కింద నల్లగా నెత్తురు కట్టి ఉంది.

"చచ్చినదాన్ని కొరికితే ఇట్లా నెత్తురు కట్టదు. బతికుండగానే వెనక నుంచి మెడ పట్టింది. పిల్లి జాతి పని ఇలాగే ఉంటుంది. నక్క కూడా తిండి పాతిపెడుతుంది, కానీ అది గుంట తవ్వి, ముక్కుతో మట్టి తోస్తుంది. కుప్ప ఎలా ఉంది, బుచ్చన్న గారూ? గుంట ఉందా?"

ఆ గారు మళ్ళీ వచ్చింది. బుచ్చన్న గబుక్కున తల దించుకుని, చేతులు తుడుచుకుని నేల మీద వంగాడు. "గుంట లేదు మేడం. నేల మీదనే పెట్టింది. గీ దిక్కుకెల్లి ఒకటి, గా దిక్కుకెల్లి ఒకటి గీకింది. కొండసింహం గీకినట్టే" అని వేళ్ళతో దుమ్ములో గీసి చూపించాడు. ఆమె ఆ గీతలనూ ఫోటో తీసుకుంది. తర్వాత దూది పుల్లతో ఆ రంధ్రాల లోపల మెల్లగా తుడిచి, సీసాలో పెట్టి మూత బిగించింది. "కొరికినదాని ఉమ్ము ఇందులో ఉంటుంది. ఊరపిల్లో, ఇసుక పిల్లో ల్యాబ్ చెబుతుంది."

"మరి నేను..." అన్నాడు బుచ్చన్న.

మనీషా సీసా మీద తేదీ రాసింది. "కోపం వచ్చింది. ఇంకా ఉంది. ఆ కుప్ప అలాగే ఉంటే కెమెరా అటు తిప్పి ఈ రాత్రికే పిల్లి ఫోటో తీసేవాళ్ళం. కానీ మీరు చెప్పకపోతే ఇది కూడా ఉండేది కాదు. పైగా ఎక్కడ ఊడవాలో చెప్పాను గానీ, ఎక్కడ ఊడవకూడదో నేను చెప్పలేదు. రేపు పొద్దున్నే కెమెరాను పొద వైపు తిప్పి, దాని ముందు ఇసుక నున్నగా చేద్దాం. అది తన వేట కోసం మళ్ళీ వచ్చి వెతుక్కుంటుందేమో చూద్దాం. రండి, కెమెరాలోంచి తీసిన ఈ కార్డులో ఏముందో చూద్దాం."

కార్డు ల్యాప్‌టాప్‌లో పెట్టగానే తెర నిండా బుచ్చన్న. వంగిన బుచ్చన్న, చీపురు పట్టిన బుచ్చన్న, అటు తిరిగి ఊడుస్తున్న బుచ్చన్న, ఫోటో తర్వాత ఫోటో, ఎక్కువగా వెనక నుంచి.

"మేడం, ఇది ఏ జాతి?" అన్నాడు చిన్నప్ప. "గోళ్ళు కనపళ్ళేదు, పిల్లే అయి ఉండాల."

ఈసారి నవ్వులో బుచ్చన్న గొంతే అందరికంటే గట్టిగా వినిపించింది.

కుందేలు ఫోటోలు చూపించి, ల్యాబ్ కబురు వచ్చేదాకా ఆగేలా మనీషా పెద్దమనుషులను ఒప్పించింది. ఆ కబురు రావడానికి రోజులు పట్టాయి. ఆ రోజుల్లో బుచ్చన్న చీపురును మంచమంత చోటు దాటనివ్వలేదు. పొదల కింద ప్లాస్టిక్ కవరు కనబడినా ముందు వంగి, చుట్టూ చూసి, ఫోటో తీసి, అప్పుడు తీసేవాడు. కబురు వచ్చింది. ఇసుక పిల్లే. పల్లం ఉంటుంది, కెమెరాలు ఉంటాయి, బుచ్చన్న ఉంటాడు. మనీషా ఫోన్‌లో ఆ మాట చెప్పినప్పుడు అతను "మంచిది మేడం" అని మాత్రమే అనగలిగాడు. ఫోన్ పెట్టేసి, పల్లం మధ్యలో ఒంటరిగా నిలబడి, ఎవరూ లేరని చూసుకుని, తువ్వాలు గాలిలోకి ఎగరేసి పట్టుకున్నాడు.

మార్చి మొదట్లో ఫోటో కూడా వచ్చింది. వెడల్పు ముఖం, పక్కలకు దిగిన చెవులు, ముందు కాళ్ళ మీద నల్ల పట్టీలు. కెమెరా కడ్డీ ఎదురుగా, బుచ్చన్న నున్నగా చేసిన ఇసుక అంచున కూర్చుని, ఇది ఎవరి చోటు అని అడిగినట్టు నేరుగా చూస్తోంది. దాని వెనక ఇసుక మీద కుంచె తాకించినట్టు నాలుగు మసక అడుగులు. బుచ్చన్న ఆ ఫోటోను గంగామణికి పంపాడు. ఇంట్లోవాళ్ళకు తప్ప అది ఎవరికీ పంపొద్దని, చోటు ఎక్కడో చెప్పొద్దని మనీషా చెప్పిన మాట కూడా జత చేశాడు.

గంగామణి వెంటనే ఫోన్ చేసింది. "ఇది మన పక్కింటి శోభోళ్ళ పిల్లి లెక్కనే ఉన్నది గదనయ్యా. దీనికోసమేనా గిన్ని దినాలు?"

"పాదాల కింద జూసినవా? బొచ్చుంటది. కాలే ఇసుక్కు గదే చెప్పు. నీళ్ళు తాగది. యాటను ఇసుకల కప్పి పెట్టుకుంటది, అమెరికా కొండల సింహం తీరు. దీని జాడ పట్టింది ఎవలనుకున్నవ్?"

"ఎవలు?"

"ముందుగాల పాడు జేసింది నేనే. పట్టింది సుత నేనే."

"రేపు మహిళా సంఘం మీటింగుకు పోతున్న" అంది గంగామణి. "ఫోటో సూపియ్య గని, నోటితోని చెప్తే ఏమైతది? మా ఆయన కాడ ఉన్న పిల్లికి కాళ్ళ కింద కంబళి ఉంటదని చెప్త. దుబాయ్‌ల అని చెప్తనా, గదేంది, కతర్ అని చెప్తనా?"

"కతర్ అని చెప్పు" అన్నాడు బుచ్చన్న.

సర్వే పెరిగింది. ఆ నెలాఖరున రాజేందర్ కొత్తగా ముగ్గురిని వెంటబెట్టుకుని పల్లానికి వచ్చాడు. ముగ్గురూ సైటు నుంచే వచ్చినవాళ్ళు. బండి దిగగానే అందులో ఒకడు, ఎవరూ చెప్పకముందే, గోడకు ఆనించినట్టు పొదకు ఆనించి ఉన్న చీపురు అందుకుని అలవాటుగా రెండు అడుగులు ముందుకు వేశాడు.

"ఆగు!"

వాడు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయాడు. బుచ్చన్న పోయి చీపురు వాడి చేతిలోంచి తీసుకుని బండి సీటు కింద పెట్టాడు.

"ఇంత గలీజుగున్నది గద కాక?" అన్నాడు వాడు బిక్కముఖం పెట్టి.

"గలీజే. ముందుగాల దాన్ని సూడు. సూసుడు అయినంక నేను చెప్త, ఏది ముట్టాల్నో."

రాజేందర్ మనీషా వైపు తిరిగి, "మేడం, వీళ్ళకు జెర మీరే చెప్పండి, ఏం చెయ్యాల్నో" అన్నాడు.

మనీషా బండికి ఆనుకుని నిలబడి చేతులు కట్టుకుంది. "ఇది బుచ్చన్న గారి పాయింట్. ఆయన్నే అడగండి" అంది.

కొత్తవాళ్ళు ముగ్గురూ బుచ్చన్న వైపు తిరిగారు. రాజేందర్ కూడా తిరిగాడు. బుచ్చన్న తువ్వాలు సర్దుకుని, అరిగిన మోకాళ్ళను మెల్లగా వంచి ఇసుక మీద కూర్చున్నాడు. అతన్ని చూసి ఆ ముగ్గురూ కూర్చున్నారు. ఒక్క క్షణం ఇస్త్రీ మడతల వైపు చూసుకుని రాజేందర్ కూడా కూర్చున్నాడు.

"గిది నక్క అడుగు" అని మొదలుపెట్టాడు బుచ్చన్న. "గోళ్ళు కనబడుతున్నయా?"